ఆర్చర్ సీ6 రౌటర్, ఐదు పోర్టుల స్విచ్: ఒకే ఫైబర్ లైను మీద నాలుగు కంప్యూటర్లున్న వైజాగ్ ఇంటికి

టీపీ-లింక్ ఆర్చర్ సీ6 రౌటర్‌ని షాపులో యాంటెన్నాలు చూసి ఎంచుకునేవాళ్లే ఎక్కువ. నేనైతే వెనక ఉన్న ఐదు పోర్టులు చూసి కొనమంటాను. బయటి లైను పెట్టడానికి ఒక వ్యాన్, ఇంట్లో కంప్యూటర్లకి నాలుగు లాన్, ఐదూ గిగాబిట్‌వే, అంటే 1000 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) మోసేవి. సుమారు రెండు నుంచి రెండున్నర వేల ధరలో ఇది చిన్న విషయం కాదు. ఇంటికొచ్చే లైను ఒక్కటే, దాని మీద మూడు నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక టీవీ నడవాలి అంటే కదలని వాటికి కేబుల్ లాగాలి, కదిలేవాటికి వైఫై వదిలేయాలి. ఆ పద్ధతికి ఈ రౌటరూ, ఒక ఐదు పోర్టుల స్విచ్చూ (ఒక కేబుల్‌ని పలు కంప్యూటర్లకి పంచే చిన్న పెట్టె), నలభై మీటర్ల అసలు రాగి కేబులూ చక్కగా సరిపోతాయి. మేడ మీదకి ఒక్క తీగ కూడా లాగం, ఇల్లంతా వైఫైతోనే గడవాలి అనుకునేవాళ్లు మాత్రం దీన్ని కొనొద్దు. వాళ్ల అవసరం దీనితో తీరదు.

ముందు ఉన్న పెట్టెని చూడండి

మన దగ్గర ఫైబర్ పెట్టే కుర్రాళ్లు వీధి స్తంభం నుంచి తీగ లాగి, ఇంట్లోకి వచ్చిన మొదటి గోడకే ఓఎన్‌టీ (ఫైబర్‌లో వచ్చే వెలుగుని నెట్‌గా మార్చే పెట్టె) బిగించేస్తారు. హాలు కిటికీ పక్కన, గుమ్మం పైన, మెట్ల కింద, ఎక్కడ సులువైతే అక్కడ. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో రెండంతస్తుల ఇల్లు తీసుకోండి. పెట్టె కింద హాల్లో ఉంటుంది, పిల్లల చదువు గది మేడ మీద వెనకవైపు ఉంటుంది. మధ్యలో ఒక స్లాబు, తొమ్మిదంగుళాల గోడలు రెండు, ఒక ఇనప బీరువా. ఐదు గిగాహెర్ట్జ్ సిగ్నల్ అక్కడికి చేరేసరికి చిక్కిపోతుంది. 2.4 చేరుతుంది కానీ చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. ప్లాను 200 ఎంబీపీఎస్ అయినా పైగదిలో 15 రావడానికి కారణం ఇది. ప్లాను పెంచినా ఆ ఇబ్బంది తీరదు.

ఓఎన్‌టీ పెట్టెలోనే ఒక రౌటరు ఉంటుందని గుర్తుంచుకోండి. కంప్యూటర్లన్నీ ఒకే గదిలో, ఆ పెట్టెకి దగ్గరలోనే ఉంటే సీ6 కొనక్కర్లేదు. ప్యాచ్ కార్డులు (రెండు కొనలా కనెక్టర్లున్న రెడీమేడ్ కేబుళ్లు) తెచ్చి దాని లాన్ పోర్టుల్లోనే పెట్టుకోండి, పోర్టులు చాలకపోతే స్విచ్ ఒక్కటి తెచ్చుకోండి. అయితే చాలా ఓఎన్‌టీల్లో పోర్టులు నాలుగున్నా అన్నీ ఒక రకం కావు. ఒక్కటే గిగాబిట్, మిగతావి 100 ఎంబీపీఎస్‌వి. గిగాబిట్ దాని పక్కన జీఈ అని రాసి ఉంటుంది, లేదా రంగు వేరుగా ఉంటుంది. స్విచ్‌కి గానీ సీ6కి గానీ వెళ్లే కేబుల్ ఆ పోర్టులోంచే బయల్దేరాలి. పొరపాటున పక్క పోర్టులో పెడితే ఇంట్లో మిగతా సామానంతా గిగాబిట్‌దే అయినా ఎవరికీ 94, 95 దాటదు.

ఇంకోటి. స్పీడు రాకపోతే రౌటర్ మార్చే ముందు బ్రౌజర్‌లో తెరుచుకునే ఓఎన్‌టీ సెట్టింగ్స్ పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ (పెట్టెకి చేరే వెలుగు బలం) చూడండి. జీపాన్ లైను (ఇళ్లకి వేసే మామూలు ఫైబర్ రకం) మీద మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 27 దగ్గరికి పోతే లోపం బయటి తీగలో ఉంది. ఎక్కడో మడతపడింది, లేదా జాయింటు చెడింది. ఇంట్లోనే చూస్తే, ఆకుపచ్చ కనెక్టరు దగ్గర తీగని సోఫా వెనక్కి నొక్కి వంచేసిన ఇళ్లే ఎక్కువ. ఎర్ర ఎల్‌ఓఎస్ దీపం ఆరి వెలుగుతుంటే వెలుగు అసలు రావట్లేదన్నమాట. అప్పుడు ఆపరేటర్‌ని పిలవడం తప్ప ఇంట్లో చేసే పని ఏదీ లేదు.

అట్ట మీద అంకెలు, పేర్లలో అక్షరాలు

సీ6 అట్ట మీద ఏసీ1200 అని ఉంటుంది. ఐదు గిగాహెర్ట్జ్ మీద 867, 2.4 మీద 300 కలిపి పైకి సర్దిన అంకె అది. ఏ ఒక్క లాప్‌టాప్‌కీ 1200 రాదు. 867 అన్నది కూడా గాల్లో జరిగే లింకు వేగం. అదే గదిలో కూర్చుంటే చేతికొచ్చేది అందులో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా. 300 ఎంబీపీఎస్ ప్లాను వరకు ఇది ధారాళంగా చాలుతుంది. 500 దాటిన ప్లాను తీసుకుని, దాన్ని వైఫై మీదే పూర్తిగా వాడుకోవాలంటే వైఫై 6 ఉన్న ఆర్చర్ ఏఎక్స్ శ్రేణి వైపు వెళ్లండి. కేబుల్ మీద వాడుకునేవాళ్లకి సీ6 చాలు, ఎందుకంటే పోర్టు గిగాబిట్‌దే.

షాపులో జాగ్రత్తపడాల్సింది పక్కనే తక్కువ ధరకు కనిపించే ఆర్చర్ సీ50, సీ20ల విషయంలో. పేరు ఆర్చరే, రెండు బ్యాండ్ల వైఫై కూడా ఉంది, కానీ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. ఈ రోజు వంద ఎంబీపీఎస్ ప్లానే కదా అని అవి కొంటే, రేపు ప్లాను పెంచిన రోజు రౌటరే అడ్డు పడుతుంది. అంతకన్నా ముందే ఇంట్లోని రెండు కంప్యూటర్ల మధ్య ఫైళ్లు పంపుకునేటప్పుడు తేడా తెలుస్తుంది. వంద మెగాబిట్ లింకు మీద సెకనుకి 11 మెగాబైట్లు పోతాయి, గిగాబిట్ మీద 110 దాకా పోతాయి. పెళ్లి వీడియో 40 జీబీ ఉందనుకోండి, ఒకదానికి గంట పడితే ఇంకోదానికి ఆరేడు నిమిషాలు.

స్విచ్‌లో కూడా ఇదే తికమక. ఎల్‌ఎస్1005జీ గిగాబిట్, చివర జీ లేని ఎల్‌ఎస్1005 వంద మెగాబిట్. పాత పేర్లలో ఎస్‌జీ అంటే గిగాబిట్, ఎస్‌ఎఫ్ అంటే వంద. డబ్బా ఒకేలా ఉంటుంది, ధరలో తేడా తక్కువే, అందుకే కౌంటర్ మీద డబ్బా తిప్పి 10/100/1000 అని ఉందో లేదో చదివి తీసుకోండి. ఐదు పోర్టుల్లో ఒకటి పైనుంచి వచ్చే కేబుల్‌కి పోతుంది, వాడకానికి మిగిలేది నాలుగు. ప్రింటరూ టీవీ కూడా తీగ మీద పెట్టాలనుకుంటే ఎనిమిది పోర్టులది తీసుకోవడం నయం. టీపీ-లింక్ ఎస్‌జీ105 లోహపు డబ్బాలో వస్తుంది, వేడిని బాగా వదిలేస్తుంది. మన ఉక్కపోతకి, గాలాడని టీవీ స్టాండులో పెట్టేవాళ్లకి అదే నా ఎంపిక. ప్లాస్టిక్ డబ్బాది గోడ మీద బిగించుకునేవాళ్లకి చాలు.

కేబుల్ దగ్గర పొదుపు వద్దు

ఈ మొత్తం ఏర్పాటులో చెడేది రౌటరు కాదు, స్విచ్చూ కాదు. నూటికి తొంభై ఇబ్బందులు కేబుల్ దగ్గరా దాని రెండు కొనల దగ్గరా పుడతాయి. ద్వారకానగర్, డైమండ్ పార్క్ వైపు కంప్యూటర్ షాపుల్లో క్యాట్6 రకం లాన్ కేబుల్ మీటరు లెక్కన దొరుకుతుంది. "అసలు కాపరేనా, సీసీఏనా" అని అడగండి. సీసీఏ అంటే అల్యూమినియం తీగకి పైన రాగి పూత. చూడటానికి ఒక్కలాగే ఉంటుంది. ఒక ముక్క తీసుకుని లోపలి తీగని బ్లేడుతో గీకితే సీసీఏలో తెల్లటి లోహం బయటపడుతుంది, రాగి అయితే లోపలి దాకా ఎర్రగానే ఉంటుంది. నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే అల్యూమినియం టక్కున విరుగుతుంది. అది ఇల్లు కట్టేటప్పుడు పైపులో వేసి మర్చిపోయే సరుకు కాదు. మన దగ్గర దానికి ఇంకో శత్రువు ఉంది, సముద్రపు గాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, కిర్లంపూడి లేఔట్ లాంటి చోట్ల కిటికీ ఊచలే ఏడాదికి తుప్పు పడతాయి. అల్యూమినియం మీద పూత గీసుకుపోయిన చోట ఉప్పు తేమ చేరితే తీగని లోపల్లోపలే తినేస్తుంది.

మామూలు ఇంటి దూరాలకి క్యాట్5ఈ కూడా గిగాబిట్ మోస్తుంది. వంద మీటర్ల వరకు దాని పరిమితి. క్యాట్6 తీసుకోమనడానికి కారణం, ఒకసారి పైపులో వేసిన తీగని మళ్లీ తీయం కాబట్టి. కింద హాలు నుంచి మేడ మీద గదికి మెట్ల పక్కగా వెళితే 15 నుంచి 18 మీటర్లు, వెనక గదికి ఇంకో 10, 12. మలుపులకీ కొనల దగ్గర వదలడానికీ రెండేసి మీటర్లు కలుపుకుంటే నలభై మీటర్లు వస్తుంది. 20 మిల్లీమీటర్ల పీవీసీ పైపులో రెండు కేబుళ్లు సుఖంగా పోతాయి. కరెంటు తీగల పైపులో మాత్రం లాన్ కేబుల్ వేయించకండి. ఎలక్ట్రీషియన్ "ఖాళీ ఉంది కదండీ" అంటాడు. 230 వోల్టుల తీగ తోలు ఎక్కడ చెడినా ప్రమాదం మీ కంప్యూటర్ దాకా వస్తుంది, చెడకపోయినా పక్కపక్కనే పోతే రొద ఎక్కుతుంది. గోడ బయటి నుంచి వేయాల్సి వస్తే నల్ల పీఈ తొడుగు ఉన్న అవుట్‌డోర్ కేబులే అడగండి. మామూలు బూడిద రంగు పీవీసీ తొడుగు మన ఎండకి రెండు మూడు వేసవుల్లో పగుళ్లిస్తుంది.

కొనలకి కనెక్టర్లు నొక్కి బిగించడం (క్రింప్ చేయడం) ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ వరస తప్పకూడదు. క్లిప్పు కిందికి, బంగారు రంగు పళ్లు పైకి ఉండేలా ఆర్‌జే45 కనెక్టర్‌ని పట్టుకుని, తీగ దూరే నోరు మీవైపు పెట్టుకుంటే ఎడమ నుంచి మొదటిది ఒకటో పిన్ను. 568బీ అనే ప్రామాణిక వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మూడు, ఆరు పిన్నుల్లోకి విడిపోయి మధ్యలో నీలం జతకి చోటిస్తుంది. తొడుగుని రెండున్నర సెంటీమీటర్లు తీసి, జతల మెలికలు విప్పి, వరసగా బల్లపరుపుగా పట్టుకుని, కొనలన్నీ ఒకే గీత మీద 13 మిల్లీమీటర్లకి కత్తిరించండి. కనెక్టర్‌లోకి తోసినప్పుడు ఎనిమిది రాగి చుక్కలూ ఎదురుగోడకి ఆనుకుని కనబడాలి. బయటి తొడుగు కూడా కనెక్టర్ లోపలికి వెళ్లి, ప్లాస్టిక్ నొక్కు దాని మీద పడాలి. తొడుగు బయటే ఆగిపోతే తీగ బరువంతా ఆ ఎనిమిది సన్న తీగల మీదే వేలాడుతుంది, కొన్నాళ్లకి ఒకటి ఊడుతుంది.

ఇక్కడ ఒక తప్పు చాలా ఇళ్లల్లో ఉంది. రంగులు గుర్తుండటానికి సులువని నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని వరసగా రెండు కొనల్లోనూ పెట్టేస్తారు. చవక టెస్టర్ పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలన్నీ వరసగా వెలుగుతాయి, ఎందుకంటే అది తీగ ఇటునుంచి అటు చేరిందా లేదా అన్నదే చూస్తుంది. కానీ మూడు, ఆరు పిన్నుల మీద పోయే సిగ్నల్‌కి ఇప్పుడు ఒకదానితో ఒకటి మెలిపడిన జత లేదు. ఒక తీగ ఆకుపచ్చ జతలోది, ఒకటి నీలం జతలోది. మెలిక ఉన్నదే పక్క జత రొదని రద్దు చేయడానికి, అది లేకపోతే ఒకదాని మాటలు ఇంకోదాన్లో వినబడతాయి. రెండు మీటర్ల ముక్క మీద ఎవరికీ తెలియదు, పదిహేను మీటర్లు అయ్యాక లింకు తెగుతూ కలుస్తూ ఉంటుంది, లేదా వందకి పడిపోతుంది.

పడిపోయిందో లేదో చూడటం తేలిక. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ అన్న వరస ఉంటుంది. 1000/1000 ఉండాలి. 100/100 అని ఉంటే ఇంటర్నెట్ కంపెనీతో గొడవ పడేముందు కేబుల్ వైపు చూడండి. వంద మెగాబిట్‌కి ఒకటి, రెండు, మూడు, ఆరు పిన్నులు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. నీలం జతో గోధుమ జతో ఒక్కటి అందకపోయినా రెండు వైపులా మాట్లాడుకుని నిశ్శబ్దంగా వందకి దిగిపోతాయి. నెట్ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. బీచికి దగ్గర ఇళ్లల్లో కనెక్టర్ పళ్ల మీద పచ్చటి చిలుము పట్టినా ఇదే జరుగుతుంది. కనెక్టర్‌ని తీసి మళ్లీ పెడితే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ వందకి వస్తుంది. అలాంటి కొనని కత్తిరించి కొత్తది వేయడమే పని.

రెండు రౌటర్లు ఒకే పని చేయకూడదు

సీ6 తెచ్చి, ఓఎన్‌టీ నుంచి వచ్చిన కేబుల్‌ని దాని వ్యాన్ పోర్టులో పెడితే నెట్ వచ్చేస్తుంది. అక్కడితో ఆపేసేవాళ్లే ఎక్కువ. అప్పుడు ఇంట్లో రెండు ప్రపంచాలు తయారవుతాయి. ఓఎన్‌టీ వైఫై మీద ఉన్నవాళ్లకి 192.168.1 తో మొదలయ్యే ఐపీ (నెట్‌వర్క్‌లో పరికరం చిరునామా), సీ6 కింద ఉన్నవాళ్లకి 192.168.0 తో మొదలయ్యేది. కింద హాల్లో ఓఎన్‌టీ వైఫైకి కలిపిన ప్రింటరు మేడ మీద కంప్యూటర్‌కి కనబడదు. ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చేయబోతే టీవీ జాబితాలోనే ఉండదు. కొన్ని ఆటలు, ఆఫీసు వీపీఎన్‌లు మొరాయిస్తాయి. దీనికి విరుగుడు రెండు రకాలు.

మొదటిది, చాలా ఇళ్లకి సరైనది, సీ6ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం. ఒక కంప్యూటర్‌ని సీ6 లాన్ పోర్టుకి కలిపి, బ్రౌజర్‌లో టీపీలింక్‌వైఫై డాట్ నెట్ అని గానీ 192.168.0.1 అని గానీ కొట్టండి. మొదటిసారి పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ముందు వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టేసి, తర్వాత అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో సిస్టమ్ విభాగం కింద ఆపరేషన్ మోడ్ తెరిచి యాక్సెస్ పాయింట్ ఎంచి సేవ్ చేయండి. అది రీబూట్ అయ్యాక ఓఎన్‌టీ గిగాబిట్ పోర్టు నుంచి కేబుల్ పెట్టండి. ఇక ఐపీలన్నీ ఓఎన్‌టీ ఒక్కటే పంచుతుంది, సీ6 వైఫై ఇచ్చే స్విచ్‌లాగా పనిచేస్తుంది, ఇంట్లో అన్నీ అన్నిటికీ కనబడతాయి. ఆ తర్వాత టీపీలింక్‌వైఫై డాట్ నెట్ తెరుచుకోకపోతే కంగారు పడకండి. సీ6 కూడా ఇప్పుడు ఓఎన్‌టీ ఇచ్చిన కొత్త ఐపీ మీద ఉంది. టీపీ-లింక్ వాళ్ల టెథర్ యాప్‌లోనో, ఓఎన్‌టీ పేజీలోని డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) జాబితాలోనో అది దొరుకుతుంది.

ఇంట్లో పాత రౌటర్ పడి ఉండి అందులో ఈ మోడ్ లేకపోతే, దాని ఐపీని 192.168.1.2కి మార్చండి, డీహెచ్‌సీపీ ఆపేయండి, కేబుల్‌ని వ్యాన్‌లో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. ఫలితం అదే. ఈ మూడింటిలో డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే ఇంట్లో సగం కంప్యూటర్లకి ఒక గేట్‌వే (నెట్‌కి వెళ్లే దారి), సగానికి ఇంకో గేట్‌వే వస్తాయి. పొద్దున పనిచేసింది సాయంత్రం పనిచేయదు. కారణం పట్టుకోవడం చాలా కష్టం.

రెండో దారి, ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైను మాత్రం దాటించేలా) పెట్టించి సీ6నే అసలు రౌటర్ చేయడం. పిల్లల కంప్యూటర్‌కి రాత్రి పది తర్వాత నెట్ ఆపాలి, పోర్టు ఫార్వర్డింగ్ (బయటినుంచి ఇంట్లోని ఒక పరికరానికి దారి ఇవ్వడం) కావాలి అంటే ఇదే చేయాలి, ఎందుకంటే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో సీ6 ఆ పనులు చేయదు. ఆపరేటర్‌కి ఫోన్ చేసి బ్రిడ్జ్ అడగండి, దాంతోపాటు పీపీపీఓఈ (లైనుకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ ఐడీ (లైను మీద నెట్‌కి కేటాయించిన నంబరు) రాసుకోండి. ఆ మూడూ చేతిలో లేకుండా బ్రిడ్జ్ చేయిస్తే ఇల్లంతా నెట్ పోతుంది. పీపీపీఓఈ కాకుండా నేరుగా ఐపీ ఇచ్చే ఆపరేటర్లు కొందరు పాత పెట్టె మ్యాక్ అడ్రస్‌కి (పరికరానికి ఫ్యాక్టరీలోనే ఇచ్చే గుర్తింపు నంబరు) లైను ముడివేస్తారు. అలాంటప్పుడు సీ6 ఆ పాత నంబరే చూపించేలా మ్యాక్ క్లోన్ వాడాలి, లేదా కొత్త మ్యాక్‌ని వాళ్లతో నమోదు చేయించాలి. ల్యాండ్‌లైనూ టీవీ పెట్టె కూడా అదే లైను మీద నడుస్తుంటే, బ్రిడ్జ్ చేశాక అవి పనిచేస్తాయా అని ముందే అడగండి. కొన్ని కంపెనీలు ఇళ్లకి బ్రిడ్జ్ ఇవ్వనే ఇవ్వవు, వాళ్లతో వాదించి లాభం లేదు, మొదటి దారే పట్టండి.

బయటినుంచి ఇంటి సీసీ కెమెరా చూడటానికి పోర్టు ఫార్వర్డింగ్ చేద్దామనుకునేవాళ్లు ముందు వ్యాన్ ఐపీ (రౌటర్‌కి కంపెనీ ఇచ్చేది) చూసుకోండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదు, కంపెనీ దగ్గరే ఇంకో న్యాట్ (ఒక ఐపీని చాలామందికి పంచే పద్ధతి) ఉంది. రౌటర్‌లో ఎంత ఫార్వర్డ్ చేసినా బయటివాళ్లకి తలుపు తెరుచుకోదు. స్టాటిక్ ఐపీ కొనుక్కోవాలి, లేకపోతే కెమెరా కంపెనీ క్లౌడ్ యాప్ వాడుకోవాలి.

వైఫై అమర్చడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2.4 మీద చానెల్ వెడల్పు 20 పెట్టి, ఓఎన్‌టీకి 1 ఇస్తే సీ6కి 6 గానీ 11 గానీ ఇవ్వండి. రెండింటికీ పేరూ పాస్‌వర్డూ ఒకటే పెడితే ఫోను కింద నుంచి పైకి వెళ్లినప్పుడు తనే మారుతుంది. సీ6ని మేడ మీద గది మధ్యకి దగ్గరగా, నిలబడితే తలకి అందే ఎత్తులో గోడకి తగిలించండి, అడుగున దానికి రంధ్రాలున్నాయి. బీరువా పైన, అద్దం వెనక, నీళ్ల ట్యాంకు పక్కన పెడితే యాంటెన్నాలు ఎన్నున్నా ఒకటే.

స్విచ్ దగ్గర ఒక హెచ్చరిక. ఇల్లు తుడిచేటప్పుడు ఊడిన కేబుల్ కొనని ఎవరో మంచికే మళ్లీ ఖాళీ పోర్టులో పెడతారు. దాని రెండో కొన కూడా అదే స్విచ్‌లో ఉంటే లూపు పడుతుంది. దీపాలన్నీ పిచ్చిగా వెలుగుతాయి, ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు. చిన్న స్విచ్‌లు చాలావాటికి దీన్ని పట్టుకునే తెలివి లేదు. ప్రతి కేబుల్ రెండు కొనలకీ కాగితం అంటించి గది పేరు రాసి ఉంచితే ఈ గొడవే రాదు.

అలాగే, ఒక కంప్యూటర్‌లో క్లౌడ్ బ్యాకప్ నడుస్తుంటే మిగతావాళ్ల వీడియో కాల్స్ ఆగిపోతున్నాయని రౌటర్‌ని నిందించకండి. అప్‌లోడ్ దారి నిండిపోయింది అంతే. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ రెండింటి సెట్టింగ్స్‌లోనూ అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టే చోటుంది. లైను అప్‌లోడ్‌లో సగానికి హద్దు పెడితే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

రౌటర్ కొనకుండా, లేదా లైను తెగిన రోజున

విండోస్‌లోనే ఒక కనెక్షన్‌ని పంచే సదుపాయం 1999లో వచ్చిన విండోస్ 98 రెండో ఎడిషన్ నుంచీ ఉంది. రోజువారీ వాడకానికి దాన్ని సిఫార్సు చేయను. పంచే కంప్యూటర్ ఆపితే అందరికీ నెట్ పోతుంది. కానీ తుపాను రోజుల్లో అది చాలా పనికొస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు స్తంభాలు ఎలా నేలకొరిగాయో ఊరికి తెలుసు. స్తంభాల మీద పోయే ఫైబర్ ఏదైనా అంతే. లైను తెగి, ఇన్వర్టర్ నడుస్తూ, ఫోన్‌లో డేటా ఉంటే ఇలా చేయండి.

ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. స్విచ్‌లోంచి ఓఎన్‌టీ కేబుల్ తీసేయండి. ఇది ముఖ్యం, లేకపోతే ఐపీలు పంచేవాళ్లు ఇద్దరవుతారు. రన్ పెట్టెలో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ కొట్టి, ఫోన్ తాలూకు అడాప్టర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్, మొదటి గడిలో టిక్, కింద ఈథర్‌నెట్ ఎంచి ఓకే. ఆ కంప్యూటర్ లాన్ ఐపీ 192.168.137.1 అవుతుంది, స్విచ్ మీద ఉన్న మిగతా కంప్యూటర్లకి అదే శ్రేణిలో ఐపీలు తనే ఇస్తుంది. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉన్న సీ6 కూడా ఆ స్విచ్ మీదే ఉంటే వైఫై కూడా నడుస్తుంది. కంప్యూటర్ రీస్టార్ట్ చేశాక పంపకం ఆగిపోవడం విండోస్ 10 నుంచి ఉన్న ఇబ్బంది. టిక్ తీసి మళ్లీ పెడితే వస్తుంది. శాశ్వతంగా కావాలంటే ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ సర్వీసుని ఆటోమేటిక్ చేసి, రిజిస్ట్రీలో షేర్డ్‌యాక్సెస్ కీ కింద ఎనేబుల్‌రీబూట్‌పర్సిస్ట్‌కనెక్షన్ అన్న డీవర్డ్ విలువ 1 పెట్టాలి. మొబైల్ హాట్‌స్పాట్ బటన్ ఇంకా తేలిక, కానీ దానికి ఎనిమిది పరికరాలే హద్దు.

కరెంటు విషయానికొస్తే, జీపాన్ లైనుకి వీధిలో ఉండే స్ప్లిటర్‌కి (ఒక ఫైబర్‌ని పలు ఇళ్లకి చీల్చేది) కరెంటు అక్కర్లేదు. అందుకే ఇంట్లో ఓఎన్‌టీకీ సీ6కీ స్విచ్‌కీ బ్యాకప్ ఉంటే చాలాసార్లు కరెంటు పోయినా నెట్ ఉంటుంది. సీ6కి ఒక్కదానికే మినీ యూపీఎస్ పెట్టి ఓఎన్‌టీని వదిలేస్తే వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు. యూపీఎస్ కొనేముందు ప్రతి అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి. ఓఎన్‌టీ, రౌటర్ సాధారణంగా 12 వోల్టులవి, చిన్న స్విచ్‌లు చాలావరకు 5 లేదా 9 వోల్టులవి. పిన్ను పట్టింది కదా అని 12 వోల్టులది 5 వోల్టుల స్విచ్‌లో పెడితే అది అక్కడే కాలిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో కింద ఆపరేటర్ స్విచ్ పెట్టి పైకి లాన్ కేబుల్ లాగిన చోట్ల మాత్రం ఆ స్విచ్‌కి కరెంటు ఉండాలి, ఇంట్లో ఎంత బ్యాకప్ ఉన్నా లాభం లేదు.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుముల వాన పట్టినప్పుడు గోడ బయట వేలాడే రాగి కేబుల్ లాన్ పోర్టుల్ని చంపుతుంది. పిడుగు ఇంటి మీదే పడక్కర్లేదు, దగ్గర్లో పడితే చాలు. ఇంటి లోపలి పైపులో వెళ్లే కేబుల్‌కి ఆ భయం చాలా తక్కువ. ఎదురు పోర్షన్‌కో అవుట్‌హౌస్‌కో లాగాలంటే రాగి బదులు ఫైబర్ ముక్క, రెండు కొనల్లో మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని లాన్ కేబుల్‌కి కలిపే డబ్బాలు) పెట్టించండి, మెరుపు ఆ గాజు తీగలోంచి రాలేదు.

సీ6లో లోపాలూ చెప్పాలి. యూఎస్‌బీ పోర్టు లేదు కాబట్టి హార్డ్‌డిస్క్ పెట్టి అందరూ పంచుకోవడం కుదరదు, ఆ పని ఒక కంప్యూటర్‌లో ఫోల్డర్ షేర్ చేసి నడుపుకోవాలి. దానికి విండోస్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్‌గా ఉండాలి, పబ్లిక్ అని ఉంటే పక్క కంప్యూటర్ కనబడదు. వైఫై 5 దగ్గరే ఆగిపోయింది. ఒకే పేరుతో వేరువేరు హార్డ్‌వేర్ వెర్షన్‌లు అమ్ముతారు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేటప్పుడు అడుగున లేబుల్ మీద ఉన్న వెర్షన్ చూసి దానిదే వేయాలి. వేరే వెర్షన్‌ది, వేరే దేశానిది వేస్తే రౌటరు లేవకపోవచ్చు. వారంటీ మూడేళ్లు. షాపువాడితో బిల్లు మీద మోడలూ వెర్షనూ సీరియల్ నంబరూ రాయించుకోండి, లేబుల్‌ని ఆ రోజే ఫోటో తీసి ఉంచుకోండి. మన ఉక్కకీ ఉప్పుగాలికీ లేబుల్ మీద అక్షరాలు మూడేళ్లు నిలవవు, సీరియల్ నంబరు చదవలేకపోతే వారంటీ కింద ఎవరూ తీసుకోరు.